నాలుగో మెట్టు రుమాలు

సుంబర్‌జాతి
3 మార్చి 1985

తమ్ముడు దర్సోనోకి, అక్క వినార్తి దీవెనలు.

నువ్వు బస్సులో పంపిన ఆపిల్ పళ్ళ బుట్ట అందింది. అడుగున ఉన్నవి నలిగిపోయాయి. వాటిని ఉడకబెట్టి మీ బావకి పెడితే సగం తిని, మిగతా సగం పంజరంలో గువ్వకి వేశాడు. ఆ ఖైదీల ద్వీపం నుంచి వదిలిపెట్టి ఏడేళ్ళయింది. ఇంకా ఆయనకి ఒక పండు పూర్తిగా తినడం రాలేదు.

మా అమ్మాయి సెకార్ టీచరు పరీక్ష పాసయింది. జిల్లాలో రెండోది. ఏటిగట్టు బడిలో మూడో తరగతికి చోటు ఉంది. పెద్దమేస్టారు దీన్నే తీసుకుంటానంటున్నారు. కాగితాలన్నీ చేరాయి, ఒక్కటి తప్ప. మా కుటుంబం శుభ్రమైనదని పైవాళ్ళు ఇవ్వాల్సిన పత్రం అది. గుమాస్తా నన్ను కూర్చోబెట్టి మర్యాదగానే చెప్పాడు. "అమ్మాయి బంగారమేనమ్మా. వాళ్ళ నాన్న పేరు దగ్గరే బండి ఆగిపోతోంది. జూలై పదిహేను లోపల పత్రం రాకపోతే ఆ చోటు ఇంకొకరికి పోద్ది" అన్నాడు.

ఆయన మీద ఫైల్లో ఏముందని అడిగాను. రెండే ఉన్నాయట. ఆయన సంతకం పెట్టిన వాంగ్మూలం ఒకటి, దానికి కారణమైన ఫోటో ఒకటి. ఏ ఫోటోనో నీకు చెప్పక్కర్లేదు. చక్కెర మిల్లు డప్పు బృందం దుస్తుల్లో, పొగమంచులో, డప్పు మీద చెయ్యి వేసి నిలబడ్డ మీ బావ. నాన్న ఫోటో దుకాణం అద్దంలో నువ్వు పెట్టినది. మెడలో రుమాలు నల్లగా ఉంది, ఫోటోలో నలుపంటే ఎరుపేనని సైనికులు మనిషిని పట్టుకుపోయారు. ఎర్ర రుమాలు అప్పుడు వాళ్ళు వేటాడుతున్న కార్మిక సంఘానిది. డప్పుల వాళ్ళది ఆకుపచ్చ. ఉతికినదాన్ని నేను. అరవై ఐదు నవంబరులో ఏ రంగు గుడ్డ ఇంట్లో ఉన్నా ముప్పేనని పొయ్యిలో పెట్టిందీ నేనే. పెళ్ళాం మాట సాక్ష్యం కాదన్నారు. నిన్ను అడిగితే, "ఆ ఫిలింలో ఆకుపచ్చ కూడా నల్లగానే పడుద్దక్కా, నేనేం చెయ్యను" అన్నావు. ఇరవై ఏళ్ళుగా ఆ ఫిలింని తిట్టుకుంటూ బతికాను.

మొన్న నా పెట్టెలో దాచిన ఆ ఫోటో రెండో ప్రతికి అద్దం పగిలింది. చట్రం విప్పితే వెనక అట్టకి ఆనించి అదే ఫోటో చిన్నది ఒకటి పెట్టి ఉంది. అందులో రుమాలు నల్లగా లేదు. లేత బూడిద రంగులో ఉంది. ఒకే నెగటివ్ నుంచి రెండు రకాలుగా ఎలా వస్తుంది? ఫోటో పనివాడివి నువ్వు. ఇది ఎందుకు ఇలా అయిందో ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపు. నెగటివ్ ఉంటే అదీ పంపు.

మరదలి మోకాళ్ళ నొప్పులకి అల్లం పట్టు వెయ్యమను. వేడి తట్టుకున్నంతే వెయ్యాలి, కాల్చుకోవద్దు.

నీ అక్క
వినార్తి


మలాంగ్
15 మార్చి 1985

అక్కకి దర్సోనో నమస్కారాలు.

సెకార్ పాసైనందుకు ఇక్కడ మీ మరదలు పసుపన్నం చేసి ఇరుగుపొరుగుకి పంచింది. నాకు మాత్రం రెండు ముద్దలే మిగిలాయి. అంత ఆనందం.

ఫోటో సంగతి. అక్కా, అది ఇరవై ఏళ్ళ కాగితం. సరిగా కడగని ప్రింటు వెలిసిపోతుంది. నల్లటిది బూడిద అవుతుంది, బూడిద తెల్లబడుతుంది. ఆ చిన్నది నేను సరి చూసుకోవడానికి వేసిన చిత్తు ప్రింటు, రెండు నిమిషాలు కూడా కడిగి ఉండను. నాన్న దగ్గర నువ్వు కుంచెతో మచ్చలు పూడ్చేదానివే కానీ చీకటి గదిలోకి ఎప్పుడూ రాలేదు కాబట్టి నీకు ఇవి తెలియవు. నెగటివ్‌లన్నీ డెబ్బై రెండులో దుకాణం మలాంగ్‌కి మార్చినప్పుడు ఫిలింలోంచి వెండి తీసేవాళ్ళకి అమ్మేశాం.

ఇప్పుడు ఇక్కడ పెళ్ళిళ్ళకి, పుట్టినరోజులకి అంతా రంగుల ఫోటోలే. నలుపు తెలుపు గుర్తింపు కార్డులకి మాత్రమే. ఆ పని ఆఫీసుల వాళ్ళు నాకే ఇస్తున్నారు. అందుకని నేను ఆ పాత విషయం మీద కాగితాలు రాయడం బాగుండదు, నువ్వే ఆలోచించు. నిప్పు ఆరిపోయిన చోట బూడిద కెలకడం ఎందుకు? సెకార్‌ని ఇక్కడికి పంపు. దుకాణంలో కూర్చోబెట్టి సొంత కూతురిలా చూసుకుంటాను.

బావకి లవంగం సిగరెట్లు రెండు పెట్టెలు పంపుతున్నాను. గువ్వకి వెయ్యవద్దని చెప్పు.

నీ తమ్ముడు
దర్సోనో


సుంబర్‌జాతి
30 మార్చి 1985

తమ్ముడికి,

సిగరెట్లు అందాయి. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఒక్క ప్రశ్న అడిగితే వెలిసిపోవడం, కడగకపోవడం, వెండి, ఆఫీసు, ఇన్ని చెప్పావు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది.

నేను చీకటి గదిలోకి రాలేదు, నిజమే. ఆడపిల్లకి ఆ మందుల వాసన పడదని నాన్న రానివ్వలేదు. కానీ నా పని వెలుగులో పని. ఒక తెల్లమచ్చ పూడ్చాలంటే చుట్టూ ఉన్న బూడిద ఏ మెట్టులో ఉందో కనిపెట్టి, సిరా అంతే కలపాలి. అందుకే నాన్న నాకు ఆ మెట్ల పట్టీ ఇచ్చారు. తెలుపు ఒకటో మెట్టు, నలుపు పదో మెట్టు, మధ్యలో బూడిద ఎనిమిది మెట్లు. అది ఇప్పటికీ నా కుట్టుమిషను డ్రాయరులో ఉంది.

పట్టీ తీసి రెండు ఫోటోల మీదా పెట్టి చూశాను. పెద్దదాంట్లో మీ బావ జుట్టు ఏడో మెట్టు. చిన్నదాంట్లోనూ ఏడే. డప్పు అంచు రెండింట్లోనూ ఆరు. చొక్కా రెండు, మొహం మూడు. ఎక్కడా తేడా లేదు. రుమాలు మాత్రం చిన్నదాంట్లో నాలుగు, పెద్దదాంట్లో పది. తల వెలవకుండా, డప్పు వెలవకుండా, రుమాలొక్కటే వెలిసే ఫోటో ఉంటే చెప్పు, నేను కూడా చూస్తాను.

నాకు ఇప్పుడు అర్థమైంది. నువ్వెందుకు దాస్తున్నావో కూడా అర్థమైంది. ఆ సైనికులు నీ మెడ మీద తుపాకి పెట్టి రుమాలు నల్లగా చేయించి ఉంటారు. ఇరవై రెండేళ్ళ పిల్లవాడివి, పక్క గదిలో నాన్న మంచాన ఉన్నారు. నువ్వు కాదనగలిగేవాడివి కాదు. ఇన్నేళ్ళు నాకు చెప్పలేక ఎంత కుమిలిపోయావో. నేను నిన్ను తప్పుపట్టను తమ్ముడూ. అది రాసి పంపు, చాలు.

నీ అక్క


మలాంగ్
19 ఏప్రిల్ 1985

అక్కా,

నువ్వు ఊహించిందే నిజం. వాళ్ళే చేయించారు. నన్ను క్షమించినందుకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. కాగితం మీద మాత్రం పెట్టలేను, వాళ్ళలో కొందరు ఇంకా పెద్ద పదవుల్లో ఉన్నారు. ఈ విషయం ఇక ఉత్తరాల్లో రాయకు.

దర్సోనో


సుంబర్‌జాతి
8 మే 1985

దర్సోనోకి,

నీ ఉత్తరం వచ్చాక మనసు తేలికపడింది. వారం రోజులు బాగా నిద్రపోయాను. తర్వాత మా అత్తగారి మాట గుర్తొచ్చింది.

ఆ ఏడాది ఆగస్టు ఊరేగింపు రోజున అత్తగారిని వెంటబెట్టుకుని దుకాణం ముందు నుంచి వెళ్ళాను. ఆవిడ అద్దంలో ఫోటో చూసి, "ఇదేంటే, మా వాడి మెడ మీద కాకి వాలినట్టుంది. పచ్చ రుమాలు నల్లగా తీస్తాడా మీ తమ్ముడు?" అంది. నేను నవ్వి, "ఫోటోలో అన్నీ నలుపే అత్తయ్యా" అన్నాను. అది ఆగస్టు. సైనికులు ఊళ్ళోకి వచ్చింది నవంబరులో.

మూడు నెలల ముందే నల్లబడిన రుమాలుని నవంబరులో ఎవరు నల్లబరిచారు? నా జాలిని నీ అబద్ధానికి ముసుగు చేసుకున్నావు. నేను చేతికి ఇచ్చాను, నువ్వు కప్పుకున్నావు. సిగ్గు నాకూ ఉంది.

సెకార్ పొద్దున్నే లేచి పక్కింటి పిల్లలకి అక్షరాలు దిద్దిస్తుంది. గోడ మీద తేదీలు చూస్తుంది. ఈసారి నిజం రాయి. అది తప్ప ఏం రాసినా చదవకుండా పొయ్యిలో పెడతాను.

వినార్తి


మలాంగ్
4 జూన్ 1985

అక్కా,

ఉపవాసాల నెల. పొద్దు వాలేదాకా మంచినీళ్ళు కూడా లేకుండా కూర్చుని ఇది రాస్తున్నాను. కడుపు ఖాళీగా ఉంటే అబద్ధం చెప్పడానికి ఓపిక ఉండదని మన అమ్మ అనేది.

అది నేను ఒక్కణ్ణే మొదటినుంచి చివరిదాకా చేసిన మొదటి ఫోటో. నాన్న లేవలేరు. బావని మిల్లు వెనక నిలబెట్టి పొగమంచులో తీశాను. ప్రింటు వేస్తే అంతా బూడిదే. నాన్న మాట నీకు తెలుసు. "ఏ ఫోటోలోనైనా ఒక్కచోటైనా అసలు నలుపు, ఒక్కచోటైనా అసలు తెలుపు ఉండాలి. లేకపోతే అది ఫోటో కాదురా, చప్పటి చారు." నేను పట్టీ పెట్టి చూశాను. ఎక్కడా ఏడు దాటలేదు. జుట్టుని నల్లబరిస్తే మొహం కూడా పాడవుతుంది. మిగిలింది రుమాలు. ఒక అట్టకి వేలెడంత చిల్లు చేసి, ఆ చిల్లులోంచి రుమాలు మీద మాత్రమే వెలుతురు పడేలా పట్టుకుని నలభై దాకా లెక్కపెట్టాను. మందులో వేయగానే నల్లగా తేలింది. ఒక్కసారిగా ఫోటోకి ప్రాణం వచ్చింది. తడి ఆరకముందే నాన్న మంచం దగ్గరకి తీసుకెళ్ళాను. కిటికీ వైపు తిప్పి చాలాసేపు చూశారు. "ఇప్పుడు నువ్వు పనివాడివిరా" అన్నారు. ఆయన నన్ను మెచ్చుకున్నది జీవితంలో అదొక్కసారే.

నవంబరులో అధికారి వచ్చి అద్దంలోంచి ఫోటో తీయించాడు. చదువుకున్నవాడే. "ఎరుపు ఫోటోలో నల్లగా పడుద్దంట, నిజమేనా?" అని అడిగాడు. "పడుద్దండి" అన్నాను. అది నిజమే. మనం వాడేది ఎర్ర దీపం కింద కడిగే ఫిలిం, దానికి ఎరుపు కనపడదు. "అయితే ఇది ఎర్ర రుమాలేగా?" అన్నాడు. "చెప్పలేనండి" అన్నాను. నెగటివ్ పక్కనే డ్రాయరులో ఉంది. ఆ ఫిలింకి ఆకుపచ్చ బాగానే కనపడుతుంది, అందుకే రుమాలు నాలుగో మెట్టులో పడింది. ఎరుపైతే నెగటివ్‌లో ఆ చోటు గాజులా ఖాళీగా ఉండేది. తీసి చూపిస్తే సరిపోయేది.

భయపడ్డాను. కానీ భయం ఒక్కటే అని రాస్తే అది కూడా అబద్ధమే అవుతుంది. ఆ నలుపు నేను పెట్టానని చెప్పుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. నాన్న పక్క గదిలో వింటున్నారు. ఒకటి రెండు రోజులు అడిగి వదిలేస్తారులే అనుకున్నాను.

తర్వాతి వారం నన్నే పిలిపించి, పట్టుకున్నవాళ్ళందరికీ పలక మీద నంబరు రాసి ఫోటోలు తీయమన్నారు. వరసలో బావ వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. నావైపు చూసి, "వెలుతురు సరిపోతుందా?" అని అడిగాడు. నేను తలూపి తీశాను.

నెగటివ్ అమ్మలేదు. ఇందులో పెడుతున్నాను. నేను చేసినదంతా వేరే కాగితం మీద రాసి, సంతకం చేసి, దుకాణం ముద్ర వేశాను. ఆఫీసుల పని పోతే పోనీ. పండక్కి వచ్చి నీ కాళ్ళ దగ్గర కూర్చుంటాను.

దర్సోనో


సుంబర్‌జాతి
27 జూన్ 1985

దర్సోనోకి,

పండక్కి వస్తావేమోనని తలుపు గడియ వేసుకుని కూర్చున్నాను. నువ్వు రాలేదు. మంచిపని చేశావు.

ప్రతి పండక్కీ వచ్చి నా మోకాళ్ళ మీద తల పెట్టి, "తెలిసీ తెలియకా చేసిన తప్పులు మన్నించక్కా" అనేవాడివి. పెద్దవాళ్ళ దగ్గర అందరూ అనే మాటే కదా అని నేనూ నీ తల నిమిరి మన్నించాను అనేదాన్ని. ఇరవై పండగలు. దేనికో చెప్పకుండా మన్నింపు పట్టుకుపోయావు. ఆ ఇరవై నేను వెనక్కి తీసుకుంటున్నాను. అలా తీసుకోకూడదని మౌల్వీగారు అంటే అననీ.

నీ కాగితం, నెగటివ్ పట్టుకుని పై ఆఫీసుకి వెళ్ళాను. అధికారి కిటికీ దగ్గర నెగటివ్ ఎత్తి చూశాడు. "ఇందులో మీ ఆయన మొహం నల్లగా, జుట్టు తెల్లగా ఉంది. దీన్ని నమ్మమంటారా?" అని నవ్వాడు. నేను నెగటివ్‌లో నలుపు తెలుపు తారుమారు అవుతాయని చెప్పాను. నీ కాగితం చదివాక నవ్వు ఆపాడు. "అంటే మావాళ్ళు పొరబడ్డారని మీ తమ్ముడి మాట. ఫోటో సంగతి అలా ఉంచండి. ఆయనే స్వయంగా ఎరుపని సంతకం పెట్టాడు కదమ్మా. ఆయన్ని తీసుకొచ్చి కాదని చెప్పించండి, చూద్దాం" అన్నాడు.

ఇంటికి పరుగున వచ్చాను. మీ బావ వసారాలో వెదురు చీలుస్తూ పంజరం అల్లుతున్నాడు. అంతా చెప్పి నెగటివ్ చేతికి ఇచ్చాను. వెలుతురుకి పెట్టి చూశాడు.  "మంచి ఫోటో" అన్నాడు.

"రేపు నాతో వచ్చి రుమాలు ఆకుపచ్చ అని చెప్పండి" అన్నాను.

"ఎరుపు కదా?" అన్నాడు.

"ఆకుపచ్చ. నేను ఉతికాను, నాకు తెలీదా?"

"ఏమో వినార్తీ. పన్నెండేళ్ళు రోజూ పొద్దున లెక్కకి నిలబడి ఎర్ర రుమాలు వేసుకున్నానని చెప్పేవాణ్ణి. చెప్పి చెప్పి, ఇప్పుడు కళ్ళు మూసుకుంటే అది ఎర్రగానే కనపడుతోంది. ఆకుపచ్చ అంటే నేను అబద్ధం చెప్తున్నట్టుంటుంది. నాతో మళ్ళీ అబద్ధం చెప్పించకు."

లేచి గువ్వకి నీళ్ళు పోసి వచ్చి, మళ్ళీ వెదురు చీల్చుకుంటూ కూర్చున్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను. ఆయన్ని ద్వీపానికి పంపినప్పుడు కూడా అంత ఏడవలేదు.

ఇక నువ్వు చేయగలిగింది ఏమీ లేదు. రాయకు.

వినార్తి


మలాంగ్
8 జూలై 1985

అక్కా,

రాయవద్దన్నావు కానీ రాయక తప్పడం లేదు. సెకార్ వచ్చి రెండు రోజులు ఉండి నిన్న వెళ్ళింది. నువ్వే పంపావనుకున్నాను. బస్సు ఎక్కేటప్పుడు, "అమ్మకి నేను చెప్తాను, మీరు చెప్పకండి మామయ్యా" అంది. నీకు తెలియకుండా వచ్చిందని అప్పుడు అర్థమైంది.

అది ఒక కాగితం తెచ్చింది. పిల్లలు లేని తోబుట్టువుకి బిడ్డని ఇవ్వడం మనలో ఉన్నదే కదా. పాలు మరిచిన ఏడాదే దాన్ని నాకు ఇచ్చేసినట్టు, అప్పటినుంచి నేనే తండ్రినైనట్టు అందులో రాసి ఉంది. ఇచ్చేవాళ్ళ చోట బావ సంతకం ముందే ఉంది. నీ సంతకానికి చోటే లేదు. "ఇరవై ఏళ్ళ కిందట మీరు మాట్లాడాల్సింది మామయ్యా. ఇప్పుడు మాట్లాడక్కర్లేదు, సంతకం పెడితే చాలు" అంది. కోపంగా కూడా అనలేదు. మీ మరదలు పక్కన నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది. నేను పెట్టాను.

నేను మళ్ళీ తప్పు చేశానా? ఒక్క ముక్క రాయి.

దర్సోనో


సుంబర్‌జాతి
11 జూలై 1985

దర్సోనోకి,

శుభ్రపత్రం మూడు రోజుల్లో వచ్చింది. ముత్యాల్లాంటి అక్షరాలు. సెకార్, తండ్రి దర్సోనో, ఫోటోగ్రాఫరు, మచ్చలేని కుటుంబం.

మీ బావని అడిగాను, ఎలా పెట్టారు సంతకం అని. "మొదటి పెన్ను రాయలేదు. అది ఇంకోటి తెచ్చింది" అన్నాడు.  సెకార్‌ని కొట్టడానికి చెయ్యెత్తాను. అది కదలకుండా నిలబడింది. "కొట్టమ్మా. సోమవారం లోపల మచ్చ పోయేలా కొట్టు" అంది. నా చెయ్యి అక్కడే దిగిపోయింది.

నువ్వు తప్పు చేశావా అని అడిగావు.  నా మొగుణ్ణి తీసుకున్నావు, ఇప్పుడు బిడ్డని కూడా తీసుకున్నావు. రెండోసారి మేమే మా చేతులతో ఇచ్చాం.

సోమవారం పొద్దున ఏడున్నరకి బడిలో కొత్త టీచర్ల ప్రమాణం. తండ్రి పక్కన నిలబడి సంతకం చెయ్యాలి. గుమాస్తా, పెద్దమేస్టారు, పై ఆఫీసువాళ్ళు అందరూ ఉంటారు. తొలి బస్సుకి వచ్చి నేరుగా బడికి వెళ్ళు. ఇంటికి రావద్దు. ఇస్త్రీ చొక్కా వేసుకో. మేం రాం, మేం దాని అత్త, మామ కదా ఇప్పుడు, వచ్చి ఏం చేస్తాం.

అందరి ముందు అది నిన్ను "నాన్నా" అని పిలుస్తుంది. రెండు రోజులుగా వంటింట్లో గిన్నెలు తోముతూ ఆ మాట పైకి అని అలవాటు చేసుకుంటోంది. మీ బావ వసారాలో కూర్చుని వింటున్నాడు. ఒకసారి పొరపాటున ఆయనే పలికాడు.

అది పిలవగానే నువ్వు పలుకు. ఆలస్యం చెయ్యకు, చూసేవాళ్ళకి అనుమానం వస్తుంది.

వినార్తి